పై మంచం

హాస్టలంటే చదువుకునే పిల్లలుండే చోటని మిషనమ్మకు ఇన్నేళ్ళుగా ఉన్న నమ్మకం. అందుకే దీవిలో పడవ దిగి, కాళ్ళనిండా ఇసుకతో ఆ పచ్చరంగు మేడ ముందు నిలబడి, బోర్డు కూడబలుక్కుని చదివి, కోడలివైపు తిరిగి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏమే, ఈ వయసులో నన్ను హాస్టల్లో పడేస్తున్నావా? ఇంతకీ ఏ క్లాసులో చేర్పిస్తావు?"

"ఒకటో క్లాసే అత్తయ్యా. అల్లరి చేశారంటే గోడకుర్చీ వేయిస్తా," అంది కోడలు, రెండు సంచులూ తనే మోస్తూ.

ఎప్పుడూ ఏదో ఒక వంక పెట్టి బరువైన సంచి అత్తకు తగిలించే పిల్ల, ఇవాళ రెండూ మోస్తోందంటేనే మిషనమ్మకు సంగతి తెలిసిపోయింది. బలి మేకకు ముందు మేత పెడతారు. ఈ దీవి, ఈ సముద్రం, ఈ కొబ్బరిచెట్లు అన్నీ ఆ మేతే. కోడలు ఏదో చెప్పబోతోంది. ఆ ఏదో ఏమిటో కూడా ఆవిడకు తెలుసు. ఉన్న ఒక్క మనిషి తనను వదిలి వెళ్ళిపోబోతోంది.

గదిలో మంచాలు రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మంచానికో గుడ్డ తెర, తలదగ్గర చిన్న లైటు, కాళ్ళవైపు తాళం వేసుకునే ఇనప పెట్టె. కిటికీ చువ్వలకు ఎవరివో తడి ఈతబట్టలు వేలాడుతున్నాయి. గుమ్మం బయట చెప్పుల గుట్ట. కోడలు నిచ్చెనెక్కి పై మంచం తీసుకుంది, అత్త కిందది. కింద పడుకుని చూస్తే పై మంచం చెక్కలు కోడలి బరువుకు కాస్త వంగి కనిపిస్తున్నాయి. ఆ వంపు అటూ ఇటూ కదులుతోందంటే పైన కునుకు పట్టలేదన్నమాట. ఆ మధ్యాహ్నమంతా వంపు కదులుతూనే ఉంది.

"ఈ తెర అంచు ఊడి వేలాడుతోంది. వచ్చినవాళ్ళలో ఒక్కరికీ కళ్ళు లేవు కాబోలు," అని గొణుక్కుంటూ మిషనమ్మ సంచిలోంచి సూదీ దారం తీసింది. చేతికి పని తగిలితే నోటికి సెలవు దొరుకుతుంది. ఆ పూట ఆవిడ నోటికి సెలవు చాలా అవసరం.

ఆవిడకూ ఒక పేరుంది. కాని ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని వీధివీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషిని పేరుపెట్టి పిలిచేదెవరు? మొగుడు పోయేనాటికి కొడుక్కి పాలపళ్ళు ఊడలేదు. ఆ మిషను తొక్కే వాణ్ణి పెంచింది. వాడు పెద్దయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కయ్యాడు. కళ్ళద్దాల షాపులో పనిచేసే ఈ పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే పట్టుబడింది. షాపుకు బయల్దేరుతూ గుమ్మంలోంచి "పోతున్నా అత్తయ్యా!" అని ఓ కేకేసింది. మిషను ఠక్కున ఆగింది.

"పోవడమేంటే పిచ్చిమొహమా! లోపలికి రా. కూచో. మంచినీళ్ళు తాగు. ఆఁ, ఇప్పుడు చెప్పు, వెళ్ళొస్తానని."

ఆ ఇంట్లో మాటలకు అంత కాపలా. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యమూ చక్కెరా అయిపోవు, నిండుకుంటాయి. మనుషులు పోరు, వెళ్ళొస్తారు. "మీ అమ్మ భాషకి వేరే డిక్షనరీ కావాలి," అని కోడలు సణిగితే, "నాకు మాటలొచ్చిందే అందులోంచి, ఏం చేస్తాం చెప్పు!" అని నవ్వేవాడు వాడు.

ఆ రోజు కూడా వాడు సరిగ్గానే చెప్పాడు. పనిసంచి భుజానికేసుకుని, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, తల్లిని ఆటపట్టించడానికి రెండుసార్లు చెప్పాడు. "వెళ్ళొస్తా. వెళ్ళొస్తానమ్మా. చాలా?" "చాల్లేరా సంబడం!" అంది మిషనమ్మ దారం పళ్ళతో తెంపుతూ. వాడు లిఫ్టు గుంతలో దిగి ఉండగా పైనెవరో చూసుకోకుండా కరెంటు వేశారు. వెళ్ళొస్తానన్నవాడు రాలేదు.

ఆ తరవాత మిషనమ్మ ఎవరి మాటా దిద్దలేదు. తన నోటికి పాత అలవాటు పోలేదు గాని, పక్కవాళ్ళు ఏమన్నా ఊరుకునేది. కోడలు కావాలనే ఒకటి రెండుసార్లు "పోతున్నా అత్తయ్యా" అని గుమ్మంలో ఆగి చూసింది, తిడుతుందేమోనని. తిడితే ప్రాణం లేచొచ్చేది ఆ పిల్లకు. మిషను మాత్రం ఆగలేదు.

మరి కోడలు వెళ్ళిపోబోతోందని ఆవిడకెవరు చెప్పారు? జాకెట్లు చెప్పాయి. కొడుకు పోయిన ఏడాది కోడలి జాకెట్లన్నీ వదులైపోయి వేలాడుతుంటే లోపలికి కుట్లేసి బిగించింది తనే. ఈమధ్య కోడలే వచ్చి, "చేతులు పట్టేస్తున్నాయత్తయ్యా, కాస్త వదులు చేస్తారా?" అంది తలొంచుకుని. ఆ కుట్లు విప్పుతుంటే తెలిసింది, పిల్లకు మళ్ళీ ఆకలేస్తోందని. షాపుకు అద్దాలు తెచ్చే ఆయన మాట ఏ కబురు చెప్పినా మధ్యలో దూరుతోంది. నా కొడుకును మరిచిపోయి ఒళ్ళు చేస్తోందా ఇది అని ఒక మనసు. ముప్ఫై నిండని పిల్ల, ఎన్నాళ్ళని ఎండిపోతుంది అని ఇంకో మనసు. అత్తా ఒకింటి కోడలే అని ఊరికే అన్నారా! రెండు మనసుల మధ్య మిషనమ్మ మింగలేక కక్కలేక ఉంది.

మర్నాడు పొద్దున వంటగదిలో ఓ తమాషా జరిగింది. హాస్టల్లో వంటగది అందరిదీ. ఎవరి డబ్బా మీద వాళ్ళు పేరు రాసి పెట్టుకుంటారు. టీపొడీ చక్కెరా మాత్రం అందరికీ కలిపి కౌంటరు దగ్గర కూర్చునే పిల్ల పోస్తుంది. కోడలు చక్కెర డబ్బా మూత తీసి చూసి, "ఇదిగో అమ్మాయ్, చక్కెర నిండుకుంది!" అని కేకేసింది.

"మంచిదండీ!" అని బదులొచ్చింది. చక్కెర మాత్రం రాలేదు. చివరికి టీ చల్లారిపోతుంటే కోడలు వెళ్ళి నిలదీసింది.

"నిండుగా ఉందన్నారు కదండీ! మళ్ళీ ఎందుకు పొయ్యడం?" అంది ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి.

కోడలు పొట్టపట్టుకుని నవ్వింది. "నా ఖర్మ! మా అత్తగారి భాషమ్మా ఇది. అయిపోయిందని అనకూడదట, నిండుకుందనాలట!" మిషనమ్మకూ నవ్వాగలేదు. వాడు పోయాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. నవ్వు అణగ్గానే ఇద్దరికీ ఒకేసారి ఏడుపు తన్నుకొచ్చింది. పక్క పొయ్యి దగ్గర ఎవరో గుడ్లు వేయించుకుంటున్నారు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ సముద్రం ఒడ్డున కూర్చున్నారు. కోడలు ఇసుక గుప్పెట్లోకి తీసుకుని వదులుతూ, "అత్తయ్యా, మీకో మాట చెప్పాలి," అంది.

"చెప్పు. అద్దాలాయన గురించేగా?"

కోడలి గుప్పెట అలాగే ఆగిపోయింది. "మీకెలా తెలుసు?"

"నీ జాకెట్లు కుట్టేది నేను. నాకు తెలియకుండా నీ కొలతలు మారతాయా?"

కోడలు మెల్లిగా చెప్పుకొచ్చింది. ఆయనకు దూరపు ఊళ్ళో పని దొరికింది, వాళ్ళక్క కూడా అక్కడే ఉంటోంది. పోయిన నెలే వెళ్ళి చేరాడు. పెళ్ళి చేసుకుని అక్కడే ఉందామంటున్నాడు. "మీరు కూడా వచ్చేయండత్తయ్యా. మిషను కూడా తీసుకెళ్దాం. ఆయనతో ముందే చెప్పాను. తప్పకుండా రమ్మన్నారు."

"ఏడ్చినట్టుంది! కోడలి రెండో మొగుడింట్లో తిష్టవేసిన అత్తని ఎక్కడైనా చూశావా? ఆయన నన్నేమని పిలుస్తాడట? అత్తనా, అమ్మనా, నెత్తిమీద పడ్డ పీడనా?"

"ఏదో ఒకటి పిలుస్తారు. వరసదేముందత్తయ్యా?"

"నీకేమీ ఉండదులే! దీవి చూపిస్తానని తీసుకొచ్చి ఇక్కడ వదిలించుకుందామనుకున్నావేం? ఆ ముక్క ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదా?"

నరంలేని నాలుక, అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంట్లో నోరు పెగల్లేదత్తయ్యా. గుమ్మం పక్కన మీ అబ్బాయి చెప్పులు అలాగే ఉన్నాయిగా. వాటి ముందు ఎలా చెప్పమంటారు?"

ఇంట్లో వేసుకునే ఆ పాత చెప్పులను రోజూ తుడిచి పెట్టేది మిషనమ్మే. చీర చెంగు కోడలి చేతిలో పెట్టింది, మొహం తుడుచుకోమని.

ఆ మర్నాడు పొద్దున్నే ఆవిడ టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో బల్లమీద కూర్చుంది. వెళ్ళేవాళ్ళు వెళుతున్నారు. ఒకమ్మాయి చెప్పుల గుట్టలోంచి తనవి వెతుక్కుంది, సంచి వీపుకు తగిలించుకుంది, కౌంటరు పిల్ల "మళ్ళీ రండి" అంది, ఆ అమ్మాయి "అలాగే" అంది. అంతే. లోపల అప్పుడే ఆ మంచం దుప్పటి లాగేసి ఉతికిన దుప్పటి పరుస్తున్నారు. ఎవరూ ఏడవలేదు. ఇక్కడ మనుషులు వెళ్ళడం కూడా గిన్నెలు కడిగినట్టు రోజువారీ పనే. మిషనమ్మ ఆ గుమ్మాన్నే చాలాసేపు చూసింది. తరవాత లోపలికి వెళ్ళి పై మంచం మీద తట్టింది.

"లే. మూట సర్దుకో. నువ్వు మళ్ళీ ఇంటికి రావద్దు."

కోడలు అదిరిపడి లేచి కూర్చుంది. "ఇంకా కోపం తగ్గలేదా అత్తయ్యా?"

"కోపం కాదే తల్లీ. ఇంటికొచ్చి, సామాన్లు సర్దుకుని, ఆ గుమ్మంలో చెప్పులేసుకుని నువ్వు బయల్దేరుతుంటే చూడ్డం నావల్ల కాదు. ఆ గుమ్మంలోంచి ఒకణ్ణి సాగనంపాను, చాలు. ఇక్కణ్ణించే వెళ్ళు. ఆయనుండే ఊరివైపు పడవ ఇవాళుంది, మనవైపుది రేపు. ఆయనకి ఫోన్ చెయ్యి, రేవుకి వస్తాడు. పెళ్ళయ్యేదాకా వాళ్ళక్క దగ్గరుండు. నీ బట్టలు నేను పార్సిల్ చేస్తా. జాకెట్లకి లోపల గుడ్డ వదిలే కుట్టాన్లే. ఇంకా ఒళ్ళు చేసినా పనికొస్తాయి."

"మిమ్మల్ని ఒక్కర్నీ పడవలో ఎలా పంపిస్తాను?"

"నేనేం పసిపిల్లనా? హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని," అంది మిషనమ్మ.

కోడలు వద్దంది, అలిగింది, నిచ్చెన పట్టుకుని ఏడ్చింది. మిషనమ్మ ఒక్క మాటా వినిపించుకోకుండా ఆరేసిన తువ్వాలు మడిచి సంచిలో పెట్టింది. తలదువ్వి జడ కూడా తనే వేసింది. జడ అల్లుతున్నంతసేపూ కోడలి వీపు కదులుతూనే ఉంది.

పడవ వేళకు కోడలు గుమ్మం బయట చెప్పులేసుకుని, సంచి తీసుకుని, మొహం అటు తిప్పుకునే అంది.

"వెళ్ళొస్తానత్తయ్యా."

"ఆ మాట అనకు!"

మిషనమ్మ కేకకు కౌంటరు పిల్ల ఉలిక్కిపడింది. కోడలు కొయ్యబారిపోయింది. ఎన్నాళ్ళకు ఆ గొంతు వినబడింది!

"లోపలికి రా. కూచో. మంచినీళ్ళు తాగు."

కోడలు చెప్పులు విడిచి వచ్చింది. బల్లమీద కూర్చుంది. నీళ్ళు తాగింది.

"ఇప్పుడు చెప్పు. వెళ్తున్నానను."

"అలా అనకూడదుగా అత్తయ్యా! మీరే..."

"నేనే నేర్పాను. వాడికీ నేర్పాను. వెళ్ళొస్తానన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాడు. వచ్చాడా? అందుకే ఈసారి మాట తిరగేసి చూద్దాం. వెళ్తున్నానన్నదానివైనా వస్తావేమో."

కోడలు ఆవిడ మెడ చుట్టూ చేతులేసి పట్టుకుంది. మిషనమ్మ ఆ చేతులు మెల్లిగా విడదీసి, "ఆఁ, కానీ, పడవ నీకోసం ఆగదు," అంది.

"వెళ్తున్నా అత్తయ్యా," అంది కోడలు. జీవితంలో అంత కష్టపడి ఏ మాటా అని ఉండదు ఆ పిల్ల.

"ఊఁ. వెళ్ళు."

కోడలు మలుపు తిరిగేదాకా మిషనమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆ కాసేపట్లోనే చెప్పుల గుట్టలో కోడలి చెప్పులున్న చోట ఇంకెవరివో వచ్చిపడ్డాయి. ఆవిడ వాటిని కాలితో కాస్త పక్కకు జరిపింది.

మధ్యాహ్నం మంచాలు సర్దే ఇంకో పిల్ల ఉతికిన దుప్పటి చంకలో పెట్టుకుని గదిలోకి వచ్చింది. "పెద్దమ్మా, మీ పై మంచం ఖాళీ అయిందా అండీ? పడవలో కొత్తవాళ్ళొచ్చారు."

ఖాళీ అన్న మాట మిషనమ్మ నోట రాదు. "నిండుకుందమ్మా," అంది.

"ఓ, ఇంకా ఉన్నారా! సరేలెండి, వాళ్ళకి పక్కగది ఇమ్మని చెప్తా," అని ఆ పిల్ల దుప్పటితో సహా వెళ్ళిపోయింది.

ఈ పిల్లకూ ఎలా అర్థమవుతుందో మిషనమ్మకు తెలుసు. తెలిసే అంది. కింది మంచం మీద పడుకుని, తను కుట్టిన తెర దగ్గరకు లాక్కుంది. పైన చెక్కలు తిన్నగా ఉన్నాయి. ఎంతసేపు చూసినా వంగలేదు.