లేత రంగు పేరు

రామబ్రహ్మం కంప్యూటర్ తెర మీద ముందుగా భార్గవి పేరు నొక్కాడు. ఆమె నోట్ తెరుచుకుంది. 'కడుపుతో ఉంది. ముందు సీటే కావాలి. అందుకని [[ఆదర్శ్]] వెనక్కి.' ఆదర్శ్ మీద నొక్కితే అతనిది వచ్చింది. 'పొడుగు మనిషి. [[భార్గవి]] పొట్టి మనిషి, సీటు ముందుకే ఉంటుంది కాబట్టి ఆవిడ వెనకైతే కాళ్లు పడతాయి. అందుకని [[కావ్య]] డ్రైవరు వెనక.'

కావ్య మీద మాత్రం నొక్కలేకపోయాడు. మౌస్ మీద వేలు అలాగే ఉండిపోయింది.

హైటెక్ సిటీలో అద్దాల మేడలకు కొదవ లేదు. ఆ మేడల్లో ఒకదాని కింద, కార్లు పెట్టుకునే నేలమాళిగలో, జనరేటరు గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ట్రాన్స్‌పోర్టు డెస్కు. రామబ్రహ్మానికి యాభై ఆరేళ్లు. సన్నటి మెడ, పై గుండీ దాకా పెట్టుకున్న చొక్కా, తాడు కట్టి మెడలో వేసుకున్న కళ్లజోడు. పొద్దున్నే ఎవరిని ఏ బండి ఎక్కించుకురావాలో తేల్చడం ఆయన పని. ఆయన మాత్రం ప్రగతి నగర్ నుంచి సిటీ బస్సులో, కడ్డీ పట్టుకుని నిలబడి వస్తాడు. రాత్రిళ్లు మోకాళ్లకు కర్పూరం వేసి కాచిన నూనె రాస్తూ, "ఊరందరికీ బండ్లు పంపే మనిషికి కూర్చోడానికి చోటు లేదుట" అని భార్య సుందరి సాధిస్తూనే ఉంటుంది. ఆయన వినీ విననట్టు కళ్లు మూసుకుంటాడు.

ఈ నోట్‌లు ఆయనకు అలవాటు చేసింది కావ్యే. ఒకసారి ఎవరి టైమో మార్చి, దానివల్ల మారాల్సిన ఇంకో బండి సంగతి మరిచిపోయాడు. ఆ బండి కోసం కావ్య వానలో చాలాసేపు నిలబడిపోయింది. మర్నాడు ఆమె మెట్లు దిగి వస్తుంటే తిట్లకు సిద్ధపడి లేచి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కుని ఆయన కంప్యూటర్లో నోట్‌లు రాసుకునే ఒక టెక్స్ట్ ఎడిటర్ పెట్టింది. "మనిషికో నోట్ రాయండి సార్. ఒక నోట్‌లో ఇంకొకరి పేరు వస్తే దాని చుట్టూ ఈ బ్రాకెట్లు పెట్టండి. ఆ పేరు తలుపైపోతుంది. ఏది మార్చినా, తలుపులన్నీ తీసి చూసి రండి" అంది. అప్పట్నుంచి మళ్లీ ఎవరూ వానలో నిలబడలేదు.

ఇవాళ ఆ కావ్యకే ఆఖరి రోజు. ఆమె టీమ్ మొత్తాన్నీ కంపెనీ ఎత్తేసింది. ఉద్యోగం పోయినవాళ్ల నోట్ అదే రోజు తీసేయాలి. నాలుగింటికల్లా రేపటి పట్టిక పైకి పంపాలి. కావ్య నోట్ తీసేస్తే, ప్రగతి నగర్ వైపు తిరిగే డ్రైవరు వీరేశం బండిలో మిగిలేది భార్గవి, ఆదర్శ్ ఇద్దరే. ముగ్గురు లేని బండిని రద్దు చేసి, ఉన్నవాళ్లను పెద్ద వ్యానులో సర్దమని రూలు.

మధ్యాహ్నం వీరేశమే వచ్చి డెస్కు ముందు నిలబడ్డాడు. బోరబండ మనిషి, రామబ్రహ్మం ఈడువాడే. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉంటుంది.

"కావ్యమ్మ పోతున్నదంట గద సార్. ఇగ నా బండి ఉంటదా?"

"చూద్దాం వీరేశం."

"గీ వయసుల నన్నెవలు పెట్టుకుంటరు సార్. జర చూడుండ్రి."

ఆ మాట రామబ్రహ్మం గుండెలో ముల్లులా దిగింది. వీరేశం వెళ్లగానే మదీనాగూడలో ఉండే రోహిత్‌కు ఫోన్ చేశాడు.

"రోహిత్ గారూ, రేపట్నుంచి మిమ్మల్ని వీరేశం బండిలోకి మారుద్దామనుకుంటున్నానండీ. కాస్త పెందరాళే లేవాల్సి వస్తుంది మరి."

"పర్లేదు సార్, మార్చేయండి."

ఇంత తేలిగ్గా అయిపోతుందని ఆయన అనుకోలేదు. సంతోషంగా రోహిత్ పేరు వీరేశం నోట్‌లో చేర్చాడు. అలవాటు కొద్దీ రోహిత్ తలుపు కూడా తీశాడు. ఇప్పటిదాకా అతను ఎక్కుతున్నది బాలనర్సయ్య బండి. అందులోనూ రోహిత్‌తో కలిపి ఉన్నది ముగ్గురే. ఒకరి నోటి దగ్గర కూడు లాగి ఇంకొకరికి పెట్టబోయానని నొచ్చుకుని రామబ్రహ్మం ఆ పేరు చెరిపేశాడు. రోహిత్‌కు మళ్లీ ఫోన్ చేసి వద్దులెండి అన్నాడు. ఆ తర్వాత ఇంకెన్ని తలుపులు తీసినా ఎక్కడా ఒక మనిషి ఎక్కువగా కనిపించలేదు. డబ్బాలో పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

నాలుగవుతుండగా కావ్య మెట్లు దిగి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు లేదు. కళ్లు ఉబ్బి ఉన్నా నవ్వింది.

"తిన్యారా సార్? నా నోట్ తీసేసినారా?"

"ఇంకా లేదమ్మా."

"వీరేశం అన్న బండి గురించి కదా?"

ఆయన తలూపాడు. ఆమె పక్కకు వచ్చి తెర మీదకు వంగి చాలాసేపు చూసింది.

"సార్, మీది కూడా ప్రగతి నగరే కదా. మరి ఇందులో మీ పేరు ఏదీ?"

"నాకెందుకమ్మా? బండ్లొచ్చేసరికి నేనిక్కడ ఉండాలి కదా. ఎవరు ఎక్కారో, ఎవరు రాలేదో చూసుకోవద్దూ?"

"మీ ఫోన్ ఇట్లియ్యండి."

కాసేపటికి ఆయన నోట్‌లన్నీ ఆయన అరచేతిలోకి వచ్చేశాయి. "బండిలో కూర్చునే చూసుకోండి. మీరూ ఉద్యోగస్తులే కదా సార్" అంటూ వీరేశం నోట్‌లో, బ్రాకెట్ల మధ్య, ఆయన పేరు కొట్టింది. మిగిలిన పేర్లన్నీ ముదురు నీలంలో ఉంటే అది ఒక్కటీ లేత రంగులో ఉంది. రాయని నోట్‌ను ఆ ఎడిటర్ అలాగే చూపిస్తుంది. నొక్కితే ఖాళీ పేజీ వచ్చింది.

ఎవరికి ఏం కావాలో ఇన్నేళ్లుగా రాసిన మనిషికి, తనకేం కావాలో రాయాలంటే సిగ్గేసింది. కావ్య కదలకుండా నిలబడింది. చివరికి ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టాడు. 'చెరువు కట్ట దగ్గర. మోకాళ్ల నొప్పి. అందుకని [[వీరేశం]] బండి, డ్రైవరు వెనక.' ఆయన పేరు ముదురు రంగులోకి మారింది.

"ఇంక నాది తీసేయండి సార్."

"నువ్వే తియ్యమ్మా. నా వల్ల కాదు."

ఆమె తీసేసింది. ఆదర్శ్ నోట్‌లో కావ్య పేరు లేత రంగులోకి పోయింది. దాన్ని కూడా చెరపాలి. ఆయన చెరపలేదు. పట్టిక పైకి పంపి, మెట్ల దాకా వెళ్లి ఆమెను సాగనంపాడు. సాయంత్రం ఆమె వీరేశం బండిలోనే వెళ్లిపోయింది. మర్నాడు సొంతూరు ప్రొద్దుటూరుకు బస్సట. బండి కదిలి, డెస్కుకు తిరిగొచ్చి కూర్చున్నాక గాని ఆయనకు ఏడుపు రాలేదు.

మర్నాడు పొద్దున చెరువు కట్ట మీద బండి ఆగింది. వీరేశం పరుగున దిగి తలుపు తీశాడు.

"రాత్రి ఫోన్ల మీ పేరు చూసి నమ్మలే సార్. కూసోండ్రి." ఆగి, సీటు వైపు చూపించాడు. "కావ్యమ్మ నడుముకు పెట్టుకునే దిండు. మరిచిందో, కావాల్నని ఇడిసిపెట్టిందో. తియ్యమంటరా?"

"ఉండనీ వీరేశం."

రామబ్రహ్మం మెల్లగా మోకాళ్లు మడుచుకుని లోపలికి ఒదిగాడు. నీలం పూల గలీబు తొడిగిన ఆ చిన్న దిండు, మధ్యలో ఇంకా పొంగని గుంటతో, సీటుకు ఆనుకుని ఉంది.