నరసింగరావు చెయ్యి

కొర్నేలి పద్దెనిమిదేళ్ళుగా భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడుపుతున్నాడు. మిల్లు కప్పు కింద, అంత ఎత్తున, అద్దాల క్యాబిన్‌లో కూర్చుని ఇనప స్లాబుల్ని ఎత్తి పెట్టడం అతని పని. పైనున్నవాడికి కింద కొక్కెం ఎక్కడ ఆనిందో సరిగ్గా తెలియదు. అందుకని నేల మీద ఒక మనిషి నిలబడి చెయ్యి చూపిస్తాడు. ఆ చెయ్యి ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి. ఎందుకని అడుగుతూ కూర్చుంటే పని సాగదు. ఈ పద్దెనిమిదేళ్ళలో పద్నాలుగేళ్ళపాటు కొర్నేలికి చెయ్యి చూపించినవాడు నరసింగరావు. అన్నేళ్ళలో ఒక్కడి కాలివేలైనా నలగలేదు.

2004 మే నెలలో కంటి డాక్టరు కొర్నేలిని రెండుసార్లు పరీక్ష చేసి, దూరాన్ని అంచనా కట్టే శక్తి తగ్గుతోందన్నాడు. ఇప్పటికి హద్దులోనే ఉందట. వచ్చే మేలో మళ్ళీ చూస్తారు, హద్దు దాటితే ఇక క్రేన్ ఎక్కనివ్వరు. అలా దిగినవాళ్ళని గేటు దగ్గర రిజిస్టరు ముందు కూర్చోబెట్టడం కొర్నేలి చూశాడు. నిన్నటిదాకా మిల్లంతా తలెత్తి చూసిన మనిషి, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకుంటూ ఉంటాడు. ఆ ఊహ అతనికి మింగుడుపడలేదు.

తప్పించుకునే దారి ఒక్కటే. శిక్షణ విభాగంలో కొత్తవాళ్ళకి క్రేన్ నేర్పే ఉద్యోగం వచ్చే ఏడాది జూన్‌లో ఖాళీ అవుతుంది. దానికి డిగ్రీ ఉండాలి. పెళ్ళికి ముందు కొర్నేలి కరస్పాండెన్స్ చదువుతో బి.ఏ. రెండేళ్ళు గట్టెక్కి, మూడో ఏడు షిఫ్టుల గొడవలో వదిలేశాడు. ఆ మార్కుల కాగితాలు ట్రంకు పెట్టె అడుగున పాలిథీన్ సంచిలో భద్రంగా ఉన్నాయి.

కూతురు షీబా దుర్గ్ కాలేజీలో చదువుతోంది. నాలుగు చోట్ల అడిగి వచ్చి, సెక్టర్ 6 క్వార్టర్ వసారాలో తండ్రి పక్కన కూర్చుంది.

"సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నీ పాత చదువు కొంత లెక్కలోకి తీసుకుంటారట నాన్నా. ఇంకో దో సాల్ చదివితే చాలు. ఫీజు తక్కువ, డిగ్రీ పక్కా."

"రెండేళ్ళకి ఆ పోస్టు ఎవడో తన్నుకుపోతాడు గదమ్మా."

"పోతే పోనీ. డిగ్రీ అయితే పోదు కదా."

ఆ వారంలోనే నరసింగరావు ఇంటికొచ్చాడు. రిటైరయ్యాక అతను కోహ్కాలో ఒక ఆన్‌లైన్ చదువుల సెంటర్లో అడ్మిషన్లు చూస్తున్నాడు. కొత్తగా ఏర్పడ్డ రాష్ట్రం ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పెట్టుకోవచ్చని చట్టం చేశాక, ఏ మేడ చూసినా ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం బోర్డు వేలాడుతున్న రోజులవి.

"పాఠాలు కంపూటర్లో, పరీక్షలు కంపూటర్లో. పది నెలల్లో డిగ్రీ చేతికొచ్చీస్తాది. మా అబ్బాయి గోపాలాన్ని కూడా అక్కడే వేసేను. కాస్త ఖరీదేగాని, నీకు కావల్సింది టైమే కదరా. ఆ మార్కుల కాయితాలు ఒరిజినళ్ళు ఇచ్చీ, ఇక్కడ సంతకం పెట్టు."

ఫారం నాలుగు పేజీలు, చీమల బారులాంటి ఇంగ్లీషు. కొర్నేలి కలం తీశాడు. షీబా గుమ్మంలోంచి ముందుకొచ్చింది.

"ఆగు నాన్నా. నెట్‌లో చూసేను, సెంట్రల్ గవర్నమెంటు లిస్టులో దీని పేరు లేదు. మాన్యత, అదే గుర్తింపు, లేదు. పైగా ఒరిజినళ్ళు ఎందుకు?" అంటూ రెండు చేతులూ బారగా చాపి, అరచేతులు నేలవైపు పెట్టి అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు తండ్రితో క్రేన్ ఆట ఆడినప్పుడు నేర్చుకున్న సైగ అది. మిల్లులో ఆ సైగ చేసింది ఎవరైనా సరే, ఊడ్చే మనిషైనా సరే, క్రేన్ ఆగి తీరాలి.

కొర్నేలికి నవ్వొచ్చింది. "కింద నిలబడ్డది నరసింగరావు మావయ్య. మధ్యన నువ్వెవరివే?" అని సంతకం పెట్టేశాడు. చదవకుండానే పెట్టాడు. పద్నాలుగేళ్ళు నమ్మిన నరసింగరావు చెయ్యి మరి.

అబద్ధమెందుకు, ఆ చదువు అతనికి నచ్చింది. ఉదయం షిఫ్టు దిగి సైకిల్ మీద కోహ్కా వెళ్ళి, ఎనిమిది కంప్యూటర్లున్న ఆ గదిలో చరిత్ర, రాజనీతి చదువుకునేవాడు. కరెంటు పోతే విసనకర్రతో విసురుకుంటూ పక్కవాళ్ళకి పాఠం అప్పజెప్పేవాడు. భార్య డైసీ ప్రతి ఆదివారం చర్చిలో అతని పరీక్షల కోసం ప్రార్థన చీటీ వేసేది. డిసెంబరులో సగం పేపర్లు పాసయ్యాడు. "చూసేవా?" అని కూతురికి ప్రింటు చూపించాడు. షీబా చూసింది, సంతోషించింది కూడా. తన మాటే తప్పయితే బాగుండునని ఆ పిల్ల నిజంగా కోరుకుంది.

ఫిబ్రవరిలో ఢిల్లీ పెద్ద కోర్టు ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాన్ని కొట్టేసింది. చట్టంతోపాటు విశ్వవిద్యాలయాలూ పోయాయి. విద్యార్థుల్ని వేరేచోట సర్దుబాటు చేస్తారని పేపర్లో రాశారు గాని, ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. కొర్నేలి కోహ్కా వెళ్ళేసరికి మెట్ల తలుపుకి తాళం వేసుంది. మార్కుల కాగితాలు లోపల ఉన్నాయో, యజమానితోపాటు ఊరు దాటాయో తెలియదు. నకళ్ళ కోసం పాత విశ్వవిద్యాలయానికి రాస్తే, అంత పాత రికార్డు దొరకడం లేదని జవాబొచ్చింది.

నరసింగరావు పది రోజులు మొహం చూపించలేదు. పదకొండో రోజు వచ్చి, లోపలికి రాకుండా వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ చెయ్యి చూసి ఎత్తేను మావా," అన్నాడు కొర్నేలి. "ఏ రోజైనా ఎందుకని అడిగేనా?"

"అడగలేదురా. అడిగినా నా దగ్గిర జవాబు లేదు. మిల్లులో అయితే బరువు నా కళ్ళెదురుగా ఉండేది, చూసి చెయ్యి ఎత్తేవోడిని. ఇక్కడ నాకేటి కనబడిందని? ఎవడో చెప్పినాడు, నేను చెయ్యెత్తీసేను. గోపాలం నాతో మాట్లాడ్డం మానీసేడు."

ముసలాయన ఏడ్చాడు. కొర్నేలికి కోపం పోలేదు, అలాగని తిట్టడానికి నోరూ రాలేదు. డైసీ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

మేలో కంటి పరీక్ష అయింది. హద్దు దాటింది. ఆఖరి షిఫ్టులో కొర్నేలి చివరి స్లాబు దించి, కొక్కెం ఖాళీగా పైకి లాగి, క్యాబిన్ అద్దం తుడిచి కిందికొచ్చాడు. సోమవారం నుంచి గేటు రిజిస్టరు. జూన్‌లో ఖాళీ అయ్యే ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం అతనికంటే పదిహేనేళ్ళు చిన్నవాడికి వచ్చింది. ఆ కుర్రాడు మంచివాడే, వచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. అదే ఇంకా బాధనిపించింది.

జూన్‌లో షీబా మళ్ళీ ఒక ఫారం తెచ్చింది. అదే సార్వత్రిక విశ్వవిద్యాలయం. పాత కాగితాలు లేవు కనక, ఇప్పుడు మొదటి ఏడు నుంచీ మూడేళ్ళు.

కొర్నేలి దాన్ని ముట్టుకోలేదు. "నలభై ఆరేళ్ళు నాకు. పాసైనా ఆ కుర్సీ ఖాళీగా ఉంటాదేటి? అప్పుడు నీ సైగ చూడలేదు. ఇప్పుడు చూస్తానమ్మా. ఎత్తమంటావా, దించమంటావా? చెయ్యి చూపించు."

షీబా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను చూపించను నాన్నా. ఇది నువ్వు చదువు. అర్థం కాకపోతే అడుగు."

అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. మొదటి పేజీ మొదటి లైను మీద వేలు పెట్టాడు. అక్షరాలు అలుక్కుపోతుంటే కాగితం దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. డైసీ భోజనానికి పిలిచినా లేవలేదు. మూడో పేజీలో ఆగి కూతుర్ని అడిగాడు.

"మూడేళ్ళ కోర్సు ఆరేళ్ళ లోపల ఎప్పుడైనా పూర్తి చెయ్యొచ్చు అని రాసున్నాది. అంతేనా?"

"అంతే."

"ఒరిజినళ్ళు?"

"నాలుగో పేజీ. నువ్వే చూడు."

చూశాడు. నకళ్ళు చాలు, ఒరిజినళ్ళు ఎవరికీ ఇవ్వవద్దని రాసి ఉంది. ఆ ముక్క రెండోసారి పైకి చదివాడు. చదువుతుంటే కంట్లో నీళ్ళు తిరిగాయి. నిరుడు ఆ ఫారం ఇలా చదివే పని ఇదే వసారాలో అరగంటలో అయిపోయి ఉండేది. చివరి లైను దాకా వెళ్ళి, వేలు తీసి, కూతురు ఇవ్వకుండానే కలం అందుకుని సంతకం చేశాడు.