నైరుతి స్తంభం

కట్టడాలకు కూడా నాడి ఉంటుందని చెప్తే మా బాబాయ్ రాంప్రసాద్ నవ్వాడు. "అయితే మందులు కూడా రాసియ్యమ్మా, ప్రసన్నా" అన్నాడు.

నా పీహెచ్‌డీ అంతా ఆ నాడి గురించే. ఏ భవనమైనా, ఎవరూ ముట్టుకోకపోయినా, కంటికి ఆననంత సన్నగా ఊగుతూనే ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది దాని సొంత అంకె. లోపల స్తంభాల్లో ఎక్కడైనా బలం తగ్గితే ఆ అంకె పడిపోతుంది. పైన బరువు పెరిగినా కొంత పడిపోతుంది. పగులు పైకి కనపడక ముందే దాన్ని పసిగట్టవచ్చా అన్నది నా ప్రశ్న. విజయవాడలో ఎన్ని అపార్టుమెంట్ల వాళ్లను బతిమాలినా గోడకు ఒక్క సెన్సర్ అంటించనివ్వలేదు. తమ ఇంటికి రోగమని నలుగురికీ తెలిసిపోతుందట. చివరికి తిరువూరులో మా తాత పుల్లయ్య పేరు మీదున్న, ఇప్పుడు బాబాయ్ నడుపుతున్న కల్యాణ మండపమే దిక్కయింది. అగ్గిపెట్టెంత సెన్సర్లు ఆరు, ఆరు నెలలుగా అక్కడున్నాయి. వాటి అంకె నా ఫోన్లో కనిపిస్తుంది. మొదట్నుంచీ అది 4.2. పది రోజుల కిందట 4.1 అయితే, ఎండలకు అయ్యుంటుందని రాసుకుని ఊరుకున్నాను.

ఆ గురువారం పొద్దున ఆరింటికి హాస్టల్లో పళ్లు తోముకుంటూ చూశాను. 3.8.

నోట్లో నురగతోనే మా గైడు సుందరరావు సార్‌కి ఫోన్ చేశాను. "ఒక్క రీడింగ్ పట్టుకుని ఎవర్నీ కంగారు పెట్టకు. వెళ్లి బ్యాటరీలు చూడు, బరువులేమన్నా మారాయేమో చూడు" అన్నారాయన. మంచి సలహానే. తిరువూరు బస్సులో రెండున్నర గంటలూ ఆ సలహానే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

నేను దిగేసరికి మండపంలో పెళ్లి జరుగుతోంది. రెడ్డిగూడెంలో మామిడితోటలున్న జగన్నాథరావుగారి అమ్మాయి అనూహ్య పెళ్లి. పెళ్లికొడుకుది నెమలి అనే ఊరు. కింద హాల్లో తాళి కట్టడం అయిపోయింది, మేడ మీద భోజనాల హాల్లో బల్లలు సర్దుతున్నారు. కింది స్తంభాలన్నిటికీ పట్టుగుడ్డలు చుట్టి బంతిపూల దండలు వేలాడదీశారు. పగులుందో లేదో చూద్దామంటే ఒక్క అంగుళం సిమెంటు కనపడలేదు. బ్యాటరీలు బాగానే ఉన్నాయి. బాబాయ్‌ని వెంటబెట్టుకుని డాబా పైకెక్కాను.

నైరుతి మూలలో ఇసుక. నా నడుమెత్తు కుప్ప, దాని చుట్టూ పాత గ్రానైటు బండలు. రాత్రి కురిసిన వానకు ఇసుక నీళ్లు తాగి నల్లగా ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"వాస్తు ఆయన చూసి చెప్పాడమ్మా. మనకి నైరుతి తేలికైపోయిందంట. అందుకే పెళ్లిళ్లు తగ్గినయ్యంట. రెండు ట్రాక్టర్లు ఎక్కించా. చూశావుగా, పది రోజులు తిరక్కుండానే పెళ్లొచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. నైరుతి బరువుగా ఉండాలనేది మా వైపు ప్రతి ఇంటివాడికీ తెలుసు. మా ఇంట్లో బీరువా కూడా ఆ మూలే ఉంటుంది. అయితే ఈ మూలలోనే, మేడ మీద చేతులు కడుక్కునే కుళాయిలున్నాయి. పదిహేనేళ్లుగా ఆ నీళ్లు కింది స్తంభంలోకి దిగుతూనే ఉన్నాయి. స్తంభం ఉబ్బినప్పుడల్లా బాబాయ్ సిమెంటు మెత్తించి రంగు వేయిస్తూ వచ్చాడు.

మెట్ల మీద కూర్చుని లెక్క వేశాను. తడిసిన ఇసుక బరువంతా కలిపినా అంకె 4.1 కావాలి, మహా అయితే 4.0. ఎన్నిసార్లు వేసినా 3.8 రాలేదు. స్తంభమే లొంగుతోందా, లేక నా సెన్సర్లే అబద్ధం చెప్తున్నాయా? తేల్చుకునే మార్గం ఒకటుంది. మేడ మీదకి జనం వస్తే అంకె తగ్గుతుంది. వాళ్లు దిగిపోయాక మళ్లీ 3.8కి వస్తే భవనం తట్టుకుంటున్నట్టు. రాకపోతే, ఆ బరువుకు లోపల ఏదో తెగినట్టు. సరిగ్గా అప్పుడే మొదటి బంతికి రమ్మని పిలుస్తున్నారు. పరీక్ష దానంతటదే కుదిరిందని ఒక్క క్షణం నాకు సంతోషం కూడా వేసింది. దాచుకోకుండా చెప్తున్నాను.

నెమలి నుంచి వచ్చిన మగపెళ్లివారు రెండు వందల మంది కూర్చున్నారు. షుగరు ఇంజెక్షను వేసుకుంది కాబట్టి మా నాయనమ్మ బాలామణిని కూడా వాళ్లతోనే కూర్చోబెట్టారు, చెయ్యి కడుక్కోవడానికి దగ్గరని ఆ నైరుతి మూలనే. నన్ను చూసి, తిన్నావా అని సైగ చేసింది. తిన్నానన్నట్టు తల ఊపాను.

నాయనమ్మని లేపొచ్చు. లేపితే ఎందుకంటుంది. చెప్తే పెళ్లివారికి తెలుస్తుంది. అంతా ఆగిపోయాక నా అంకె తప్పని తేలితే? ఊళ్లో బాబాయ్ పరువు, కాలేజీలో నా పరువు రెండూ గంగలో కలుస్తాయి. ఇలా అనుకుంటూ గుమ్మంలో నిలబడి ఫోను చూస్తూ ఉన్నాను. ముప్పై అయిదు నిమిషాలు. పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ. ఎవరు కుర్చీ జరిపినా ఆ మూల వైపు చూసేదాన్ని. అంకె 3.6. పెరుగు వడ్డించేవాడు మూల దాకా వెళ్లి వచ్చేలోపు నేను బతికి ఉంటానా అనిపించింది.

లేచారు. కడుక్కున్నారు. దిగిపోయారు. హాలు ఖాళీ అయింది.

3.6. రెండు నిమిషాలు ఆగాను. 3.5.

బాబాయ్‌ని పక్కకి లాక్కెళ్లి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "రెండో బంతికి ఆకులేసేశారు. విస్తరి ముందు కూర్చున్నోళ్లని లేపుతావా? మళ్లీ మన గుమ్మం ఎవరన్నా తొక్కుతారా? పేషెంటు బాగానే ఉన్నాడు, నీ నాడి సంగతి నువ్వు చూసుకో" అన్నాడు.

అప్పటికే మళ్లీ జనం ఎక్కి కూర్చున్నారు, వడ్డన కూడా మొదలైంది. ఇక నాకు ఎవరి పరువూ గుర్తు రాలేదు. తిన్నగా జగన్నాథరావుగారి దగ్గరికి వెళ్లి, ఈ మేడ కూలొచ్చండీ అన్నాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు. "ఖాయమేనా అమ్మాయ్?"

"ఖాయం కాదండి. భయంగా ఉందండి."

ఆయన హాలు మధ్యకి వెళ్లి చేతులు జోడించారు. "అందరూ నన్ను మన్నించాలి. కింద షామియానాలో వడ్డిస్తాం. తోసుకోకుండా మెల్లిగా లేచి రండి." కూతురి పెళ్లిలో, తన బంధువులనే, అన్నం కలుపుకుంటున్నవాళ్లని లేపారాయన. ఒక పెద్దాయన కండువా దులుపుకుని భోంచెయ్యకుండానే వెళ్లిపోయాడు. మెట్ల మీద వాళ్ల అడుగులు వినపడుతున్నంతసేపూ నేను గోడకి ఆనుకోలేదు.

అందరూ దిగారు. బాబాయ్ దిగలేదు. నైరుతి మూలకి వెళ్లి, ఎవరో వదిలేసిన ఆకు ముందు కూర్చున్నాడు. "ఇది మా నాన్న కట్టింది. నేనిక్కడే తింటా. ఏమవుద్దో చూస్తా" అని తనకు తనే గరిటెతో అన్నం పెట్టుకున్నాడు.

చెయ్యి పట్టుకుని లాగితే కదిలే మనిషి కాదు. వదిలేసి దిగలేను. వెళ్లి ఎదురుగా ఇంకో ఆకు ముందు కూర్చున్నాను. ఫోను చూపిస్తే అటు తిప్పేశాడు. సరే, నేనూ తింటానని పప్పు వేసుకున్నాను. కలపబోతే వేళ్లు మాట వినలేదు. చెయ్యి వణికి అన్నమంతా ఆకు బయట పడుతోంది. బాబాయ్ ముద్ద పట్టుకుని నా చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు నాకు అన్నం తినడం నేర్పింది ఆయనే.

ముద్ద ఆకులో వదిలేసి లేచాడు. ఎంగిలిచేత్తోనే నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

నేను ఫోన్ చేస్తే, మూడింటికి సుందరరావు సార్ ఇద్దరు మేస్త్రీలతో వచ్చారు. ముందు దూలం కింద ఆసరాగా ఇనుప జాకీలు బిగించి, తర్వాత నైరుతి స్తంభానికి చుట్టిన పట్టుగుడ్డ విప్పారు. సుత్తితో ఒక్కటి తట్టగానే సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. లోపల ఇనుప ఊచలు తుప్పుకి సన్నబడి, బరువుకి బయటికి వంగిపోయి ఉన్నాయి. "రాత్రి వానకే లొంగుంటుంది. మొదటి బంతిని కూడా ఇది ఎలా మోసిందో నాకు తెలీదు" అన్నారు సార్, చాలా మెల్లిగా. బాబాయ్ రోడ్డు అవతల మట్టిలో చతికిలబడ్డాడు. జగన్నాథరావుగారు నా తల మీద చెయ్యి పెట్టి, ఇంతమందిని కాపాడావమ్మా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏవేవో అన్నారు. నేను ఏదీ సరిగ్గా వినలేదు.

నాయనమ్మ షామియానా చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చుంటే నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది. నిమురుతూనే అడిగింది.

"నేనక్కడ తింటున్నప్పుడు నీకు తెలుసా అమ్మా?"

ఖాయంగా తెలీదని చెప్పొచ్చు. అది నిజమే కూడా. ఏ సార్ అడిగినా అదే చెప్తాను.

"అనుమానం ఉంది నాయనమ్మా."

"తిన్నావా అని అడిగాగా నిన్ను. నువ్వు తలూపావు."

"ఊ."

ఆమె నా చెయ్యి వదిలేసి తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.