కుడి పేజీలో మొదటి వాక్యం

దేవుడితో మాట్లాడడానికి బొత్తాలక్కకు ఒక పద్ధతి ఉంది. కళ్ళు మూసుకుని బైబిలు తెరవడం, కుడి పేజీలో మొదటి వాక్యాన్ని ఆజ్ఞగా తీసుకోవడం. మిషను కొనాలన్నా, ఇల్లు మారాలన్నా అంతే. యూనిఫాంలు కుట్టి బతికే మనిషి, ఆ పద్ధతితోనే ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి అదే ఆవిడ కొంప ముంచింది.

మిషను తొక్కే కుడికాలి బొటనవేలు నల్లబడింది. షుగరు. నర్సుగా పనిచేసే చెల్లెలు కట్టు విప్పి చూసి, నసగకుండా చెప్పింది: "వేలు తీయించెయ్యక్కా. ఆలస్యం చేస్తే పాదానికే ముప్పు."

అక్క బైబిలు తెరిచింది. కాళ్ళకు జబ్బు చేసిన రాజొకడు దేవుణ్ణి అడక్కుండా వైద్యుల్ని నమ్ముకున్నాడట. ఆ తర్వాతి వాక్యంలోనే చచ్చిపోయాడు. ఇంకేం కావాలి? చెల్లెలు వాదిస్తే, "నా గడప తొక్కకు" అని తలుపేసింది. ఇది జరిగి మూడు వారాలు.

ఆదివారం బైబిలు తరగతి చెప్పేది రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనది నత్తనడక పాఠం, సగంమంది కునుకు తీస్తుంటారు. అక్క కుంటుకుంటూ వెళ్ళి రాజు సంగతి, తన సంగతి గర్వంగా చెప్పింది. మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఉత్తరం మధ్యలో ఒక్క ముక్క చదివి గుండెలు బాదుకున్నవాళ్ళని చాలామందిని చూశానమ్మా. ముందేం రాశారో చూడొద్దూ? ఆ అధ్యాయం మొదట్నుంచీ పైకి చదువు."

చదివింది. శత్రువుకు జడిసిన రాజు దేవుణ్ణి వదిలేసి, పొరుగురాజుకు బంగారం పంపి సాయం తెచ్చుకున్నాడు. అది తప్పని దేవుని మనిషి ఒకడు ముఖం మీదే చెప్పాడు. రాజుకు ఒళ్ళు మండింది. నిజం చెప్పినవాణ్ణి చెరలో వేయించాడు.

అక్క ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆగింది.

"కానివ్వమ్మా, కాళ్ళ సంగతి ఇంకా రాలేదు" అన్నాడాయన.

"ఇక అక్కర్లేదండీ. నా సంగతి వచ్చేసింది."

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. చర్చి వరండాలోకి వచ్చి, బల్ల మీద కూర్చుని చెల్లెలికి ఫోను చేసింది. అరగంటలో ఆ పిల్ల డ్యూటీ బట్టల్లోనే వచ్చి, బల్ల ముందు గొంతుక్కూర్చుని కట్టు విప్పింది. నలుపు పాదం మీదికి పాకింది.

"చెప్పవే" అంది అక్క.

"ఇక వేలొక్కటీ తీస్తే సరిపోదక్కా. సగం పాదం తీసేస్తారు."

అక్క కళ్ళు తుడుచుకుని, చెల్లెలి భుజం పట్టుకుని లేచింది.

"పద. డాక్టరు ఇంకేమన్నా ఉన్నదున్నట్టు నాకు చెప్పు. ఈసారి వింటాను."