అత్తాకోడళ్ళ బ్యాంక్ హాలిడే

కనకలతకు పెళ్ళయి ఏడాదిన్నర. అందులో పదహారు నెలలు అత్తగారు నాగరత్నం ఇంట్లోనే ఉంది. ఎవరి తప్పూ కాదు. కొడుకు కాపురం సర్దిపెట్టి మూడు నెలల్లో వెళ్ళిపోదామని రెండువేల ఇరవై ఫిబ్రవరిలో బాపట్ల నుంచి వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఐర్లండ్‌లోని నేస్ ఊళ్ళో రెండు పడగ్గదుల అద్దె ఇల్లు, మధ్యలో అట్టముక్కలాంటి గోడ. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలన్నా కారులో కూర్చుని పోట్లాడుకోవలసిందే.

మరుసటి ఏడాది జూన్‌లో హోటళ్ళు తెరవగానే కనకలత కిల్కెన్నీ అనే ఊళ్ళో ఒక చిన్న హోటల్లో గది బుక్ చేసింది. శుక్రవారం నుంచి సోమవారం దాకా; ఆ సోమవారం బ్యాంక్ హాలిడే, దేశమంతా సెలవు. మొగుడూ తనూ, ఇద్దరే. కొత్త చుడీదార్లు రెండు ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం భర్త మల్లికార్జున తను పనిచేసే మందుల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశాడు.

“లతా, ఒక బ్యాచ్ పరీక్షలో ఆగిపోయింది. తేలేదాకా నేను కదలడానికి లేదు. అమ్మను తీసుకెళ్ళు, ప్లీజ్.”

కనకలత పెట్టె మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. అది చూసి నాగరత్నం, “నేనెందుకమ్మా, నువ్వొక్కదానివే వెళ్ళి హాయిగా పడుకునిరా” అంది. ఆ మాటతో కనకలతకే సిగ్గేసింది.

“లేదు, పదండి అత్తయ్యా.”

గంటసేపు కనకలత రోడ్డునే చూస్తూ కారు నడిపింది; అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

హోటలంటే పన్నెండు గదుల పాత రాతి మేడ. యజమానురాలు నొరీన్, అరవై దాటిన మనిషి, పూల మాస్కు పెట్టుకుని తనే గదికి తీసుకెళ్ళింది. కిటికీలోంచి నోర్ నది, దాని పక్కన కోట. మధ్యలో తెల్లటి దుప్పట్లతో ఇంతెత్తు మంచం. నాగరత్నం గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదెవరి గదే?”

“మనదే అత్తయ్యా.”

ముప్ఫయ్యేళ్ళు బాపట్లలో టిఫిన్ కొట్టు నడిపిన మనిషి. ఊరు దాటితే సత్రంలోనో, చుట్టాలింట్లోనో దిగడం తప్ప హోటల్లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. లోపలికొచ్చి దుప్పటి వేలితో తాకి చూసింది. తరవాత ఏం చెయ్యాలో తోచక, బల్ల మీదున్న శుభ్రమైన కప్పులు రెండూ తీసుకెళ్ళి కడిగింది.

కనకలత మసాజ్ కోసం కిందికి వెళ్ళి అంతలోనే తిరిగొచ్చింది. వైద్య పరికరాల ప్లాంటులో వెంటిలేటర్ విడిభాగాలు తనిఖీ చేసే పని ఆమెది. ఏడాదిగా మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ కట్టెలా బిగుసుకుపోయింది.

“ఏమైంది?” అంది నాగరత్నం.

“మర్దన చేసే గది ఇంకా తెరవలేదట. వచ్చే వారమట.”

“ఓసి, దానికి వాళ్ళెందుకు?” అని అత్తగారు తన చేతిసంచిలోంచి నువ్వులనూనె సీసా తీసింది.

స్నానాల గదిలో ముక్కాలిపీట మీద కోడల్ని కూర్చోబెట్టి మెడ పట్టుకుంది. పిండి రుబ్బి రుబ్బి గట్టిపడ్డ చేతులు. ఎక్కడ నొక్కాలో వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“అబ్బ, ఇక్కడ ముడి పడిపోయిందే! ఇన్నాళ్ళూ చెప్పవేం?”

“మీరెప్పుడూ వంటింట్లోనే ఉంటారుగా.”

నాగరత్నం అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది.

“ఏం చెయ్యనమ్మా. కొత్త దంపతులు. మీరు గుసగుసలాడుకుంటుంటే వినపడుతుందేమోనని పంపు తిప్పి గిన్నెలు తోమేదాన్ని. కడిగినవే మళ్ళీ కడిగేదాన్ని.”

కనకలత వెనక్కి తిరిగి చూసింది. రోజూ ఆ గిన్నెల మోత విని, మనమీద కోపంతో చప్పుడు చేస్తోందని మొగుడితో ఎన్నిసార్లు అందో!

“మేమేమో మీరు అలిగారనుకుని ఇంకా గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం అత్తయ్యా!”

ముందు నాగరత్నం నవ్వింది. తరవాత ఇద్దరూ నూనె చేతులతోనే ఒకరినొకరు పట్టుకుని, పొట్ట నొప్పెట్టేదాకా నవ్వారు.

శనివారం కనకలత లేచేసరికి తొమ్మిది. పక్కన అత్తగారు కదలకుండా పడుకుని ఉంది. నాలుగింటికే లేచే మనిషి! కరోనా రోజులు. కంగారుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

“బతికే ఉన్నా. పడుకోనీవే” అంది నాగరత్నం కళ్ళు తెరవకుండానే.

బఫే లేదు కాబట్టి టిఫిను టేబుల్ దగ్గరికే తెచ్చిచ్చారు. నొరీన్ పాన్‌కేకుల పళ్ళెం పెట్టి, “ఎవ్రీథింగ్ గ్రాండ్?” అని అడిగింది. బాగుంది అనడానికి ఐర్లండ్‌లో అందరూ వాడే ఆ ఒక్క మాటా నాగరత్నానికి ఇప్పటికి బాగా వచ్చు.

“గ్రాండ్, గ్రాండ్!” అని ఒక ముక్క తిని, కోడలితో, “మన దిబ్బరొట్టెకి చెల్లెలు. పెనం మాత్రం సరిగ్గా కాగింది. పొద్దున్నే పొయ్యి దగ్గరికి ఎవరొస్తారో అడుగు” అంది.

అడిగితే, “నేనే. ఐదింటికి” అంది నొరీన్. ఈవిడా హోటల్ మనిషేనని కనకలత చెప్పగానే ఆమె పళ్ళేలు తీయడం మాని రెండు గజాల అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు అటూ ఇటూ మాటలు చేరవేస్తుంటే ముసలివాళ్ళిద్దరూ పిండి పులియడం గురించి, చెప్పకుండా మానేసే పనివాళ్ళ గురించి ముప్పావు గంట మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు నాగరత్నం అంది: “ఎవరో వండి నా ముందు పెడితే తినడం నా పెళ్ళి తరవాత ఇదే మొదటిసారే.”

ఆ సాయంత్రం నది ఒడ్డున ఐస్‌క్రీములు తింటూ నడిచారు. నాగరత్నం రెండోది కూడా అడిగి కొనిపించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. బ్యాచ్ పాసయింది. “రేపు ఎన్నింటికి వస్తారు?” అన్నాడు మల్లికార్జున.

నాగరత్నం కోడలి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “ఒరే, నువ్వు ఇప్పుడే రైలెక్కి రా. నేను రైల్లో ఇంటికి పోతా.”

“ఒక్కరే ఎలా వెళ్తారు అత్తయ్యా?”

“పదహారు నెలల్లో ఒక్కసారైనా ఒక్కదాన్నే గడప దాటానా? నాకూ సరదా ఉండదా?”

నొరీన్ టిక్కెట్టు బుక్ చేసి, ఏ స్టేషన్లో దిగాలో పెద్ద అక్షరాలతో కాగితం రాసిచ్చింది. నేస్‌లో ఎదురింటి దమయంతి ఆంటీ స్టేషన్‌కి కారు తెస్తానంది. నాలుగింటికి మల్లికార్జున దిగాడు. అతనితో రెండు నిమిషాలు మాట్లాడి, మాస్కు సర్దుకుని, సంచి చంకన పెట్టుకుని నాగరత్నం తన రైలెక్కేసింది. చెయ్యి ఊపేలోగానే వెళ్ళి కిటికీ పక్క సీటు చూసుకుంది.

వాళ్ళు స్టేషన్ బయటికి వచ్చారో లేదో కనకలత ఫోన్ మోగింది.

“బండంతా ఖాళీయే అమ్మాయ్! బయట ఎక్కడ చూసినా గొర్రెలే. చాలా బాగుంది. ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని మాటిమాటికీ ఫోన్లు చేసి నన్ను విసిగించకండి.”

కనకలత రోడ్డు మీదే పైకి నవ్వేసింది.

“ఏమందీ?” అన్నాడు మల్లికార్జున కంగారుగా.

“మనతో పన్లేదంది” అని అతని చెయ్యి పట్టుకుని నది వైపు నడిపించింది.