ఎండలో ఉన్న చంద్రుడు

"జల్లెడ కాస్త పైకి పట్టుకో భాభీ, నవ్వు, నవ్వు!" చంద్రోదయం అయిన దగ్గర్నుంచీ తర్సేమ్ వీధి ఆడవాళ్లను తన డాబా మీద ఒక్కొక్కరినే నిలబెట్టి ఫొటోలు తీస్తున్నాడు. మొగుడి ఆయుష్షు కోసం ఆడవాళ్లు పగలంతా ఉపవాసముండి, రాత్రి జల్లెడలోంచి చంద్రుణ్ణి చూసే ఈ కర్వా చౌత్ అంటే లూధియానాలో స్టూడియోవాళ్లకు పంట. అతని భార్య నీరూ తెల్లవారకముందు నాలుగు ఫేణీలు తిన్నది, అంతే. పచ్చి మంచినీళ్లు ముట్టకుండా లైట్లు మోస్తోంది. పదమూడేళ్లుగా మోస్తోంది. ఫొటోల్లో మొహాలు తెల్లబరిచేదీ, చెంపల మీద కమిలిన మచ్చలు చెరిపేదీ ఆమే. ఏ ఇంట్లో మొగుడి చెయ్యి ఎంత బరువో ఆమెకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తన మచ్చలూ తనే చెరుపుకుంది, ఎంత సిగ్గుమాలిన పని!

తర్సేమ్ తీసే చంద్రుడు ఏటా సున్నపు ముద్దే. చీకటి కదా అని కెమెరా కన్ను బార్లా తెరుస్తాడు. తర్వాత ఎక్కడిదో పాత చంద్రుణ్ణి అందరి ఫొటోల్లోనూ అతికించమని నీరూకు పురమాయిస్తాడు. ఈసారి పక్కింటి సరోజ్ ఊరుకోలేదు.

"ఇది చంద్రుడా, పూరీయా?" అంది కెమెరా తెరలోకి తొంగిచూసి. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

నీరూకు నోరాగలేదు. "చుట్టూ చీకటే గానీ, చంద్రుడు ఎండలో ఉన్నాడండీ. పట్టపగలు తీసినట్టే తీయాలి." స్టాండు మీది కెమెరా దగ్గరికెళ్లి, వెలుగు బాగా తగ్గించి నొక్కింది. తెర మీద చంద్రుడు గుంటలతో, గాట్లతో సహా నిలిచాడు.

చెంప ఛెళ్లుమంది. పెదవి చిట్లి నోరంతా నెత్తురు.

"అంట్లు తోముకునే ముఖం, నాకు పాఠాలు చెప్తావే?"

ఆడవాళ్లు తమ జల్లెడలు సర్దుకోసాగారు. అత్తగారు మాత్రం గ్లాసు తెచ్చింది. "పండగపూటైనా నోరు మూసుకోలేవుటే? పోనీ నాయనా, నీ చేత్తో నీళ్లు పట్టించు, అప్పుడేగా ఉపవాసం తీరేది. నీ ఆయుష్షు కోసమేగా!"

అతను గ్లాసును ఆమె పళ్లకేసి కొట్టినట్టు ఆనించాడు.

ఈ ఆయుష్షు నేను అడిగిందే, అనుకుంది నీరూ. నాలుక పిడచకట్టుకుపోతూ పదమూడేళ్లు అడిగాను, నన్ను కొట్టే చెయ్యి నూరేళ్లు చల్లగా ఉండాలని. అతని వెనక పిట్టగోడ మోకాలెత్తే ఉంది. ఒక్క తోపు చాలు. తోసెయ్యాలనే అనిపించింది, అబద్ధమెందుకు.

గ్లాసు లాక్కుని తన చేత్తోనే గటగటా తాగేసింది.

"అయ్యో, అపచారం!" అత్తగారు గుండెలు బాదుకుంది. తర్సేమ్ మళ్లీ చెయ్యెత్తాడు. నీరూ వెనక్కి జరిగి కెమెరాను అతనివైపు తిప్పింది. డాబా బల్బు వెలుతురుకు సరిపోయేలా మీట మార్చింది.

"కదలకు తర్సేమ్. కదిలితే మసగ్గా పడతావు. పొద్దున ఠాణాలో నీ మొహం స్పష్టంగా కనిపించాలి."