పాత ఆయిల్ ఊరుకోదు

సిరిసిల్లలో దశరథానికి ఎనిమిది సాంచెలు, ఒక సెకండ్ హాండ్ కారు ఉన్నాయి. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పొద్దున్నే షెడ్డు తాళం తీయించి, సాంచెలు మొదలయ్యాక ఆ చప్పుడులో చాయ్ తాగడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం చాయ్ చల్లారిపోయినా కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కారుకు ఆయిల్ మార్చే వేళయింది. తనే మార్చుకోవాలా, మెకానిక్ సదానందం దగ్గరికి పోవాలా అన్నది ఎంతకీ తేలడం లేదు.

సదానందం పనిమంతుడే. చిక్కల్లా ఆయన షెడ్డు ముందున్న బెంచీతో. ఇంజన్లోంచి దించిన ఆయిల్ ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో వరుసగా చెబుతుంది కదా, అది వినడానికి ఆ బెంచీ మీద ఎప్పుడూ నలుగురు ఉంటారు. శనివారం ఒక్కపొద్దు ఉండే పరశురాములు కారు మొన్న అన్ని శనివారాలకూ బిర్యానీ హోటళ్ల పేర్లే చదివింది. పాపం, ఆ మనిషి ఇప్పటికీ బజారుకు సందుల్లోంచే పోతున్నాడు.

దశరథం గుట్టు వేరు. ధర్మపురిలో ఉండే అక్క బాలలక్ష్మితో ఆయనకు ఏడు నెలలుగా మాటల్లేవు. మేనల్లుడి పెళ్లికి వచ్చినవాళ్లకు పెట్టే తువ్వాలలు ఆమె షోలాపూర్ నుంచి తెప్పించింది. సాంచెలున్న తమ్ముణ్ణి అడగనైనా అడగలేదు. పైగా మేనమామ భుజం మీద కప్పిందీ షోలాపూర్‌దే. దశరథం భోజనాల బంతిలోంచి లేచి, మళ్లీ ఈ గడప తొక్కితే తన పేరు మార్చి పెట్టమని అందరి ముందూ అనేశాడు.

అన్నాడు గాని ఉండలేకపోయాడు. సాంచెల సామానుకు కరీంనగర్ పోతున్నానని భార్య వనజకు చెప్పి ధర్మపురి పోవడం, అక్క ఇంటి వీధి మొదట్లో టీ తాగడం, దూరం నుంచే ఆ గుమ్మాన్ని చూసి వెనక్కి రావడం. ఇప్పటికి పన్నెండుసార్లయింది. రాఖీ పున్నమి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఈసారి చేయి ఉత్తగా ఉంటుందని తలచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు. అలాగని తనే ముందు మెత్తబడ్డాడని నలుగురికీ తెలిస్తే తలెత్తుకునేదెట్లా?

సదానందానికి ఇవ్వరాదా అంది వనజ.

"ఎనిమిది సాంచెలకు నూనె పోయించేటోన్ని, ఒక్క కారుకు పొయ్యలేనా?" అన్నాడు దశరథం.

రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూసి, ఇంకా పరేషాన్ అయి, చివరికి సాంచెలన్నీ నడుస్తున్న వేళ చూసుకుని కారు కిందికి దూరాడు. ఆ మోతలో ఆయిల్ ఏం వాగినా ఎవరికీ వినబడదన్నది ఆయన తెలివి. బోల్టు ఊడగానే సగం ఆయిల్ డబ్బాలో పడింది, సగం ఆయన గడ్డం మీద పడింది. గడ్డం మీదిది చెవి దాకా జారి, ధర్మపురి అని గొణిగింది. కొత్త ఆయిల్ పోయడం ఎలాగో అయింది. పాతదాన్ని మోరీలో పారబోస్తే ఊరంతా చెప్పుకుంటూ పోతుంది. అందుకని డబ్బా మూత గట్టిగా బిగించి షెడ్డు మూలన పెట్టాడు.

సాంచెల షెడ్డులో మూలనున్న నల్ల నూనె సాంచెలకే పోస్తారు. ఆ సంగతి సిరిసిల్లలో ఎవరూ ఎవరినీ అడగరు. దశరథం షెడ్డులో పనిచేసే హనుమండ్లుకు ముప్పై ఏళ్ల మోతతో చెవులు పోయాయి. డబ్బా గొణుగుడు ఆయనకేం తెలుస్తుంది? మర్నాడు పొద్దున్నే వచ్చి ఎనిమిదింటికీ శుభ్రంగా పోసి బటన్ నొక్కాడు.

"ధర్మపురి, టీ కొట్టు, వాపస్. ధర్మపురి, టీ కొట్టు, వాపస్."

ఎనిమిది సాంచెలూ ఒక్కసారే అందుకున్నాయి. దశరథం చెప్పుల్లేకుండా ఉరికొచ్చి ఆపేసరికే పక్క షెడ్లవాళ్లు గోడ మీంచి తొంగిచూస్తూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. వనజ నవ్వలేదు. భర్తను పక్కకు జరిపి మళ్లీ బటన్ నొక్కింది. వదినెకు ఫోన్ కలిపి, దాన్ని సాంచె పక్కన పట్టుకుని నిలబడింది. పన్నెండు ప్రయాణాలూ అయ్యేదాకా చేయి దించలేదు. అవి అయ్యీ అవగానే అవతల ఫోన్ కట్టయింది.

ఆ పూట దశరథం అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం బస్సుకు బాలలక్ష్మి దిగింది. సంచీ కింద పెట్టి, తమ్ముడి గడ్డం మీద ఇంకా పోని నల్ల మరకను కొంగుతో తుడవబోయి ఆగింది.

"పన్నెండుసార్లు వచ్చినవ్. ఒక్కసారన్న హారన్ కొట్టకపోతివేందిరా తమ్మీ?"

"నువ్వు తలుపు తియ్యకపోతే ఎట్లక్కా అని," అన్నాడు దశరథం.

బాలలక్ష్మి ఏడ్చింది, తిట్టింది, సంచీలోంచి రాఖీ తీసి ఆరు రోజుల ముందే కట్టేసింది. పున్నమి దాకా వీడి మనసు ఎటు తిరుగుతుందో నమ్మలేనంది. చిన్నకొడుకు పెళ్లికి మూడు వందల తువ్వాలలు కావాలనీ, అంచు ఎర్రగా ఉండాలనీ అక్కడే చెప్పింది.

మరుసటి ఆదివారమే దశరథం అక్క గడప తొక్కాడు. అన్న మాట ప్రకారం పేరు మారాలి కదా, సిరిసిల్ల బజారు ఆ పని అప్పటికే చేసి పెట్టింది. ఇప్పుడు ఆయన వాపస్ దశరథం.

తర్వాతి ఆయిల్‌కు కారు సదానందం దగ్గరికే పోయింది. వాపస్ దశరథం బెంచీకి నడుమ కూర్చున్నాడు. ధర్మపురి, అక్కోళ్ల ఇల్లు, ధర్మపురి, అక్కోళ్ల ఇల్లు అంటూ ఆయిల్ దిగుతోంది. నాలుగోసారికే మిగతావాళ్లు విసుగొచ్చి లేచిపోయారు. ఆయన మాత్రం ఆఖరి చుక్క దాకా కూర్చుని విన్నాడు.